ప్రొఫెసర్‌గారి రెండో బొటనవేలు

నేను ఒక బొటనవేలిని. నాకు చెయ్యి లేదు, నెత్తురు లేదు, గోరు అసలే లేదు. అయినా ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా ఉద్యోగం వెలగబెట్టాను. నవ్వకండి. రేపు మీ గుండె మీద స్టెతస్కోపు పెట్టే డాక్టరు నా శిష్యుడే కావచ్చు.

పుట్టింది పళ్ల సెట్లు చేసే గదిలో. దవడ అచ్చు తీసే ముద్దలో డాక్టర్ కంచర్ల విఠల్‌బాబు తన బొటనవేలు గుచ్చాడు. ఆ గుంటలో సిలికాన్ పోశారు. గట్టిపడి లేచాను. గీతలన్నీ ఆయనవే. నన్ను అటెండరు గురవయ్య చేతిలో పెట్టి, ఆయన టౌన్లో ఉన్న సొంత ఆసుపత్రికి కారెక్కాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున గురవయ్య నా మీద హా అని ఊది హాజరు మిషన్ మీద నొక్కేవాడు. "స్వాగతం, డాక్టర్ విఠల్‌బాబు" అనేది మిషన్. హోదా ఆయనకు, గురవయ్య జేబులో బీడీ కంపు నాకు.

సభల్లో ఆయన ఉపన్యాసాలు వినాలి మీరు. వైద్యుడన్నవాడు ఒక చేత్తో నాడి, ఇంకో చేత్తో పుస్తకం పట్టాలట! చప్పట్లు. ఆయన వైద్య కళాశాలలో పట్టింది రెండూ కాదు.

ఆ మాట నిజమని నమ్మిన పిచ్చిది ఒకతె ఉంది. డాక్టర్ కేజియా, అసిస్టెంట్ ప్రొఫెసర్. పొద్దున వార్డులో రోగుల్ని చూసేది. మధ్యాహ్నం ఆయన చెప్పాల్సిన పాఠాలు చెప్పేది. సాయంత్రం మిరపచేలల్లో మందు కొట్టే కూలీల దగ్గరికి పోయి రక్తం తీసుకొచ్చి ఫ్రీజర్‌లో దాచేది. వాళ్ల కిడ్నీలు నడివయసుకే ఎందుకు పాడవుతున్నాయో తేల్చాలని పట్టుదల. ఆ పరీక్షలు మొదలవ్వాలంటే డిపార్టుమెంటు హెడ్డుగా విఠల్‌బాబు సంతకం కావాలి. హెడ్డు రోజూ వస్తూనే ఉన్నాడు, గురవయ్య జేబులో.

చివరికి ఫోన్లో దొరికాడు.

"సంతకానిదేముందమ్మా, పెడతాలే. గురవయ్యకి మోకాళ్ల నొప్పులంట, ఆ వేలేదో నువ్వు నొక్కుతుండు. నీ పరిశోధన వ్యాసం మీద ముందు నా పేరెయ్యి."

"మీరు ఆ కూలీల్ని ఒక్కసారి కూడా చూళ్లేదు సార్."

"చూసేదానికి నువ్వున్నావుగా తల్లీ!"

ఆమె నన్ను కోటు జేబులో వేసుకుంది. రోజూ నొక్కేది. నొక్కాక చేతులు కడుక్కునేది. శవాన్ని కోసి వచ్చినవాళ్లు కూడా అంతలా రుద్దుకోరు. సంతకం మాత్రం రాలేదు. ఫ్రీజర్‌లో రక్తం ఉండగానే ఆ కూలీల్లో ఒకడు పోయాడు.

ఈలోగా మిషన్ చెడిపోయి కొత్తది వచ్చింది. అందరూ వచ్చి మళ్లీ వేలు నమోదు చేసుకోవాలన్నారు. ఆయన ఆ రోజు కూడా రాలేదు. గుమస్తా నన్నే నమోదు చేశాడు. అప్పటికి నేను అరిగి, నడిమికి చీలి ఉన్నాను. ఆ చీలికతో సహా నేనే విఠల్‌బాబునైపోయాను.

సీట్లు పెంచడానికి తనిఖీ వచ్చింది. తనిఖీకి మనిషే కనపడాలి గనక ఆయన వచ్చాడు. ఇస్త్రీ కోటు, మెడలో స్టెతస్కోపు. "ఓసారి వేలు పెట్టండి డాక్టరుగారూ" అన్నారు తనిఖీవాళ్లు. పెట్టాడు.

"గుర్తింపు లేదు" అంది మిషన్.

కోటుకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. "గుర్తింపు లేదు." చెమటలు పట్టాయి. కేజియా చెవి దగ్గరికి వంగాడు. "వాళ్లని అటు తిప్పుతా, నువ్వు నొక్కెయ్. సాయంత్రానికి సంతకం నీ టేబుల్ మీదుంటది."

జేబులో ఆమె పిడికిలి నా చుట్టూ బిగుసుకుంది. ఇన్నాళ్లూ ఆ సంతకం కోసమే కదా నన్ను మోసింది! అయినా నన్ను బయటికి తీసి అందరికీ కనపడేలా ఎత్తింది.

"సార్ వేలు ఇదండీ. రోజూ డ్యూటీకి వచ్చేది ఇదే."

నొక్కింది. "స్వాగతం, డాక్టర్ విఠల్‌బాబు."

ఇక న్యాయం జరిగిపోయిందనుకున్నారా? తనిఖీ పెద్దాయన దగ్గి, "మిషన్ల సంగతి తెలిసిందేగా" అంటూ భోజనాలు ఎక్కడని అడిగాడు. ఆ పెద్దాయన వేలు ఏ కాలేజీలో, ఎవరి జేబులో ఉందో మరి! సీట్లు పెరిగాయి. ఉద్యోగం పోయింది కేజియాకి.

పోయేరోజు ఆమె ఐసు పెట్టె తెచ్చుకుంది. గురవయ్యే ఫ్రీజర్ తాళం తీశాడు.

"ఈ నెత్తురు యాడికి మోసుకుపోతావమ్మా?"

"దీన్ని పరీక్ష చేసేవాళ్లు దొరికేదాకా, గురవయ్యా."

వార్డు చివర చెత్త సంచుల దగ్గర ఆగి నన్ను జేబులోంచి తీసింది.

"అదీ బొటనేలే గదమ్మా, పసుపు సంచిలో ఎయ్యి. కోసేసిన కాళ్లూ చేతులూ అందులోనేగా ఏసేది."

"అది మనుషులవి వెయ్యడానికి" అంది ఆమె.

ఎర్ర సంచిలో, వాడి పారేసిన రబ్బరు గ్లౌజుల మధ్య పడ్డాను. ఐసు పెట్టె చప్పుడు మెట్లు దిగి దూరమైంది. అవతల పళ్ల సెట్ల గదిలో అప్పటికే ముద్ద కలుపుతున్నారు.