మూకుడు చప్పుడు

కొత్త హైవే పడ్డాక వర్నీస్ నడిపే చేపల వేపుడు కొట్టు వైపు కార్లు రావడం మానేశాయి. మిసిసిపీలోని ఆ మట్టిరోడ్డు మీద ఒకప్పుడు శనివారం వస్తే గిటార్ మోత, వేపుడు వాసన, తోసుకునే జనం. ఇప్పుడు నలుగురొస్తే గొప్ప. అలాంటిది, ఊరూరా పేరు మోగుతున్న ఓజెల్ తన కొత్త రికార్డు ఆ కొట్టులోనే, జనం మధ్యే చేస్తానని కబురంపాడు. అతను గిటార్ పట్టడం నేర్చుకున్నది అక్కడే మరి. ఆ రికార్డు వింటే మళ్ళీ జనం వస్తారని వర్నీస్ ఆశ. రికార్డింగు బండి మాత్రం ఆరింటికి మెంఫిస్ వెళ్ళిపోతుంది. ఈలోగా పాట కుదరకపోతే అక్కడి స్టూడియోలోనే చేసేస్తారు.

మైకులు అమర్చిన విట్‌లాక్, "ఆ ఫ్యానొక్కటి ఆపండమ్మా, చాలు" అన్నాడు. వర్నీస్ ఫ్యానుతో సరిపెట్టలేదు. పొయ్యి కూడా ఆర్పేసింది. వచ్చినవాళ్ళను బెంచీల మీద వరసగా కూర్చోబెట్టింది.

"దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గండి. నోరు విప్పారో, మళ్ళీ నా చేతి చేప తినరు."

"ఊపిరి పీల్చుకోవచ్చా వదినా?" అన్నాడు డ్రమ్ముల ముందు కూర్చున్న హోసియా.

"మెల్లగా పీల్చు."

ఓజెల్ మొదలుపెట్టాడు. ముందుగా అనుకున్నదేమీ లేదు. ఒకరు అందిస్తే మరొకరు అందుకోవడమే. నాలుగు నిమిషాలకే చప్పబడిపోయింది. రెండోసారి మరీ ఘోరం. గిటార్ ఏదో అడుగుతుంది, ఎవరూ పలకరు. మూడోసారి ఓజెల్ మధ్యలోనే ఆపేసి మొహం తుడుచుకున్నాడు.

"అత్తా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదురా. ఏం?"

"మరి వీళ్ళంతా శవం దగ్గర కూర్చున్నట్టున్నారేం? నా వేళ్ళు చచ్చుబడుతున్నాయి."

గడియారం అయిదుంపావు చూపిస్తోంది. వర్నీస్ బెంచీల వంక చూసింది. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించుకుని, తన మాటే పాటిస్తున్నారు. ఓజెల్ ఇక్కడ నేర్చుకునే రోజుల్లో ఒక్కరైనా ఊరుకున్నారా? తప్పు వాయిస్తే తిట్టారు, బాగుంటే బల్లలు గుద్దారు. ఆ కేకలకు జవాబుగానే వాడి చెయ్యి కదిలేది.

ఆమె లేచి పొయ్యి వెలిగించింది. నూనె కాగేదాకా అందరూ ఆమెనే చూస్తున్నారు. మొక్కజొన్న పిండి పట్టించిన చేపముక్కలు మూకుట్లో పడగానే సుయ్‌మని మోత లేచింది. విట్‌లాక్ ఉలిక్కిపడి ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

"చెయ్యి దించు బాబూ. ఒరే ఓజెల్! ఇందాక గిటార్‌తో చెప్పిన మాట మళ్ళీ చెప్పు. ఈసారి నిజం చెప్పు!"

ఓజెల్ తీగ లాగాడు.

"అబద్ధం!" అని అరిచింది వర్నీస్.

అతను నవ్వి మళ్ళీ లాగాడు, ఇంకా పొడుగ్గా.

"ఆఁ, ఇప్పుడొచ్చావు దారికి!" అన్నారెవరో బెంచీ మీంచి. హోసియా డ్రమ్ముతో అందుకున్నాడు. ఆ తర్వాత అందరూ లేచి చిందులేసేవాళ్ళే, బెంచీల మీద ఎవరూ మిగల్లేదు. విట్‌లాక్ గబగబా ఒక మైకు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. పాట పంతొమ్మిది నిమిషాలు ఆగకుండా సాగింది. చేపలు బొగ్గులైపోయాయి.

రికార్డు బయటికొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఎర్ర కారొకటి ఆగింది. జార్జియా నుంచి వచ్చారట, మొగుడూ పెళ్ళాం.

"అమ్మా, రికార్డులో 'అబద్ధం' అని అరిచే ఆవిడ ఇక్కడేనా ఉండేది?"

వర్నీస్ చేతులు తుడుచుకుంది.

"కూర్చోండి. ఈసారి మాడ్చనులే."