ఏడో అంతస్తు వాలు

సంతకం పెట్టనన్నాను. ఇంజనీరు మళ్లీ కాగితం చాపాడు. నేను మళ్లీ ససేమిరా అన్నాను.

ఈ టవరు నలభై ఏళ్లు ఆఫీసుగా బతికింది. అంతస్తు మొత్తానికీ మధ్యలో ఒక్కచోటే మరుగుదొడ్లు. ఇప్పుడు ఇళ్లుగా మారుస్తున్నారు కాబట్టి మూలమూలకీ ఓ బాత్‌రూమ్ కావాలి. ఆ నీళ్లన్నీ స్లాబు కింద వేలాడే పైపుల్లోంచి మధ్యనున్న పెద్ద గొట్టానికి చేరాలి. ఆ పైపులు వేసింది నేనూ మా మామయ్యా. కోడలిగా వచ్చి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆయన చూపు మందగించాక పైపులు పరీక్షించి చూశామనే కాగితం మీద సంతకం నాదైంది.

తప్పు మాదే, దాచుకోను. ప్లానులో ఉన్నట్టే స్లాబు నుంచి కొలిచి వాలు ఇచ్చుకుంటూ పోయాం. స్లాబు చదునుగా ఉందో లేదో చూసుకోలేదు. ఏడో అంతస్తులో ఒక మూల రికార్డుల గది ఉండేదట. ఇనుప బీరువాలు మోసి మోసి స్లాబు అక్కడ మూడు వేళ్లు కుంగింది. నిన్న మట్టం చూసే నీళ్ల ట్యూబు పట్టి చూస్తే బయటపడింది. మా పైపు పెద్ద గొట్టం వైపు దిగడం లేదు, ఎక్కుతోంది!

ఇంజనీరుకి చూపించాను. చూశాడు, ఒప్పుకున్నాడు కూడా. కానీ రేపు సీలింగు మూసేయాలట, జనం ఇళ్లలోకి వచ్చాక తీరిగ్గా చూసుకుందామట. సంతకం పెట్టకపోతే మామా కోడళ్లిద్దరూ ఇంటికి పోవచ్చన్నాడు.

ఒళ్లు మండింది. పైనింట్లో ఎవరో తలంటుకుంటుంటే మురుగు వెనక్కి తన్ని పాదాలు ముంచేస్తుంది. ఆ తిట్లు ఎవరికి తగలాలి?

మామయ్య నన్ను పక్కకి పిలిచాడు. ఈ వయసులో తనకింకెవరూ పని ఇవ్వరనీ, పెట్టేయమనీ నెమ్మదిగా అన్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. అయినా రంపం తీసుకుని నిచ్చెనెక్కాను.

"ఏం చేస్తున్నావ్?" ఇంజనీరు గొంతు పెరిగింది.

"నేను అతికించిందే కోస్తున్నాను సార్. ఇప్పుడు మూసుకోండి మీ సీలింగు."

రంపం పెట్టగానే నిచ్చెన ఊగింది. అంతలోనే నిలబడింది. కిందికి చూశాను. మామయ్య రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"జాయింటుకి ఇవతల కొయ్యమ్మాయ్," అన్నాడు. "పైపు మళ్లీ పనికొస్తుంది."