గాజుపళ్ళెంలో మావారి ఎముక

మావారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో సగంమందిని పైకి తెచ్చింది తనేనని చెప్పుకునేవారు. అటువంటి మనిషి ఓ లిఫ్టు గుంటలోనే జారిపడి, కుడి మోకాలి కింది ఎముక విరగ్గొట్టుకున్నారు.

ఎముక అతకలేదు సరికదా, చీము పట్టింది. కుళ్ళిన ముక్క తీసేసి ఆ ఖాళీ నింపడానికి సర్జన్ ఆయన తుంటిలోంచే కాస్త ఎముక తీశాడు. నింపగా మిగిలిన పలుకులు, మమ్మల్ని అడిగాకే, కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తున్న ఓ అమ్మాయికి ఇచ్చారు. ఎలాగూ పారేసేదే కదా అని మేమూ తలూపాం.

కాల్లో పెట్టిన ఎముక అక్కడ ఇమడలేదు. మళ్ళీ చీము. ల్యాబుకి వెళ్ళింది మాత్రం బుద్ధిగా పెరగసాగింది. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక మావారి ఫోనుకి ఫొటో పంపి, మీ సెల్స్ చాలా బాగా పెరుగుతున్నాయి సార్ అని రాసింది.

దాంతో కొంప మునిగింది. కొడుకు ఎముకని హాస్టల్లో పెట్టి చదివిస్తున్నట్టు మా అత్తగారు అందరికీ చెప్పుకున్నారు. వేళకి ఏం పెడుతున్నారో కనుక్కోమని నన్ను పోరేవారు. నేను డిగ్రీలో జీవశాస్త్రం వెలగబెట్టినదాన్నే. సెల్స్ వేరు, ఎముక వేరు అని చెప్పబోతే, అంత తెలిస్తే ఆ ల్యాబులో నువ్వే ఉండేదానివి కదా అన్నారు. అదీ నిజమే.

సర్జన్ దాపరికం లేకుండా చెప్పాడు. ఇప్పుడు ఒప్పుకుంటే మోకాలి కింద కాలు తీసేస్తాను, మోకాలు మిగిలితే పెట్టుడు కాలితో నిచ్చెన కూడా ఎక్కొచ్చు, చీము మోకాలి కీల్లోకి పాకితే మాత్రం తొడ దగ్గర తీయాల్సిందే అన్నాడు. మావారు ససేమిరా అన్నారు.

"స్పేరు పార్టు తయారవుతుంటే బండిని తుక్కుకి వేస్తామా? మన ఎముక రానీ."

నా మాట చెల్లలేదు, డాక్టరు మాటా చెల్లలేదు. పెంచుతున్న మనిషి చెబితే వింటారేమోనని ఓ పొద్దున ఆయన్ని చక్రాల కుర్చీలో ల్యాబుకి తీసుకెళ్ళాను. లిఫ్టు కదలగానే ఆయన తల ఓ పక్కకి వంచి చెవి ఒగ్గారు. తాడు సాగిందనీ, దీన్ని చూసేవాడెవడో శుద్ధ మొద్దావతారమనీ తేల్చారు. ఎన్నాళ్ళకో ఆ మొహంలో కళ కనబడింది. అక్కణ్ణించే వెనక్కి తిప్పేద్దామా అనిపించింది నాకు.

ల్యాబు అమ్మాయి మమ్మల్ని చుట్టాల్లా ఆదరించింది. వెచ్చటి అలమరలోంచి మూతలున్న చిన్న పళ్ళేలు రెండు తీసి ఒకటొకటిగా మైక్రోస్కోపు కింద పెట్టింది. కుర్చీలో కూర్చుంటే అందదు. మావారు నా భుజం పట్టుకుని ఒంటికాలిమీద లేచి కళ్ళు ఆనించారు. మొదటి పళ్ళెంలో తాను వాపు పుట్టించే పదార్థం కలిపానని, అందుకే సెల్స్ చిక్కిపోయాయని చెప్పిందా అమ్మాయి. రెండో దాంట్లో అదీ కలిపి, దానిమీద ఓ ఆకులోంచి తీసిన, వాపును అణిచే మందు వేసిందట. అక్కడ సెల్స్ ఒత్తుగా, చేపపిల్లల గుంపులా ఉన్నాయి.

"వాపు ఉన్నచోట ఎముక కట్టే సెల్స్ పని మానేస్తాయి సార్. అది తగ్గితే మళ్ళీ దిగుతాయి."

అరిచే సూపర్‌వైజరు సెలవు పెడితే మా కుర్రాళ్ళూ ఇంతే అన్నారు మావారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఆయన అడిగారు.

"అయితే ఎప్పుడు పెడతారమ్మా?"

"ఏంటి సార్?"

"ఎముక. నా కాల్లో."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను మైక్రోస్కోపు వంక చూశాను.

"ఇది పెట్టడానికి కాదు సార్. మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి."

పోనీ ఆ మందే తనకి ఎక్కించమన్నారు. పళ్ళెంలో పనిచేసింది గానీ ఇంకా ఎలుకల దాకా కూడా వెళ్ళలేదని, మనుషుల దాకా రావాలంటే ఏళ్ళు పడుతుందని, అసలు వస్తుందన్న నమ్మకమూ లేదని మెల్లగా చెప్పింది. మరి వీటినేం చేస్తారని అడిగితే, రేపు రంగు వేస్తామంది. క్యాల్షియం పట్టినచోట ఎర్రబడుతుందట, అది కొలుస్తారట. రంగు పడ్డాక సెల్స్ బతకవట.

ఆయన చేతి బరువంతా నా భుజంమీదకి వచ్చింది.

"బాగా పెంచావమ్మా," అన్నారు.

ఆ మధ్యాహ్నమే సర్జన్ దగ్గరికి వెళ్ళాం. మోకాలు నొక్కి చూసి, సూదితో లోపలి నీరు తీశాడు. అది నీరులా లేదు. కాస్త ముందొచ్చుంటే అనబోయి ఆ మాట మింగేశాడు. తొడ దగ్గరే అన్నాడు. మావారు నిచ్చెన సంగతి ఎత్తలేదు. సరేనన్నారు.

సాయంత్రం అత్తగారు సంచీతో ఆసుపత్రి గదికి వచ్చారు. కూర్చోకుండానే, ఎముక ఎప్పుడిస్తారట అని అడిగారు. ఇవ్వరటండీ అన్నాను.

"మన ఎముక మనకిస్తే వాళ్ళ సొమ్మేం పోయిందే?"

గోడవైపు తిరిగి పడుకున్న మావారే జవాబిచ్చారు.

"అక్కడ బాగానే ఉందమ్మా. ఉండనీ."

ఆవిడ సంచీ కింద పెట్టారు.

"పోనీలే. ఎక్కడున్నా చల్లగా ఉంటే అదే చాలు."

సర్జన్ వచ్చి, దుప్పటి తప్పించి, ఆయన తొడమీద నల్ల సిరాతో గీత గీసి వెళ్ళాడు.