కార్డు అక్కర్లేని గొర్రెలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా నాయిన ఐలేశం అంటాడు. ఉండనీ. తొంభై ఎనిమిదిలో ఆ కోపమే లేకపోతే నా గొర్రెలు ఈపాటికి ఎవరి దొడ్లో ఉండేవో.

గొర్రెలంటే నిజం గొర్రెలు కావు. మాది పోచంపల్లి, మగ్గం ఇల్లు. డిగ్రీ అయ్యాక నల్గొండలో తాజుద్దీన్ భాయ్ కంప్యూటర్ సెంటర్లో చేరాను. పొద్దున పాఠాలు చెప్పేదాన్ని, మధ్యాహ్నం ఖాళీ మిషన్ మీద ఒక ఆట తయారు చేసేదాన్ని. గుట్ట మీద బీరన్న అనే కాపరి, ముప్పై గొర్రెలు, వెంటపడే తోడేలు. రెండేళ్లు పట్టింది. హైదరాబాదులో ఆటల సీడీలు అమ్మే ఒక కంపెనీ దాన్ని చూస్తానంది. నచ్చితే నా ఆట సీడీగా వస్తుంది, నాకు అక్కడే ఉద్యోగం. రెండేళ్లుగా కన్న కల అదొక్కటే.

సరిగ్గా అప్పుడే ఎదురు దుకాణంలో ఖుద్దూస్ టీవీకి తగిలించే కొత్త ఆట డబ్బా పెట్టాడు. వాళ్లన్న సౌదీ నుంచి తెచ్చాడట. పాత డబ్బాల్లో బొమ్మలు ఎడమకూ కుడికీ నడిచేవి, అంతే. ఇందులో కార్లు మలుపు తిరిగితే వెనక భాగం కూడా కనపడేది, అంచులు నున్నగా ఉండేవి. నాకూ నోరు తెరుచుకుంది, అబద్ధం ఎందుకు. టీవీ డబ్బా అట్లా చూపిస్తుంటే కంప్యూటర్ ఆటలు ఊరుకుంటాయా? బొమ్మ అంటే ఇట్లా ఉండాలని ఆ డబ్బా గీత గీసింది. ఆ గీత అందుకోవాలంటే కంప్యూటర్‌లో అట్లాంటి బొమ్మలు గీసిపెట్టే త్రీడీ కార్డు ఉండాలి. కొత్త సీడీల అట్టల మీద ఒకటే మాట: త్రీడీ కార్డు తప్పనిసరి. భాయ్ దగ్గరున్న నాలుగు మిషన్లకూ ఆ కార్డు లేదు, పెడదామంటే లోపల జాగా లేదు. నిన్నటిదాకా బాగున్నవి ఒక్క మాటతో చెత్తయిపోయాయి.

కంపెనీ తరఫున ఇస్రాయేలు సార్ వచ్చాడు. మర్యాదస్తుడే. ఆట బాగుంది కానీ గొర్రెల వీపులు మెట్లు మెట్లుగా ఉన్నాయన్నాడు. ఎదురు దుకాణం వైపు చూపించి, జనం కళ్లు ఆ నునుపుకు అలవాటు పడ్డాయని, నెలలోపు అట్లా చేయగలిగితే మాట్లాడదామని చెప్పి వెళ్లాడు. కార్డు లేకుండా అది అయ్యే పని కాదని భాయ్ తేల్చేశాడు.

కాదంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లాను. నాయిన గ్రాఫ్ కాగితం ముందు పెట్టుకుని, నూలుకు సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు కడుతున్నాడు. కట్టిన చోట రంగు ఎక్కదు. అట్లా గడి గడికీ కట్టి ముంచితేనే చీర మీద ఏనుగో చిలుకో తేలుతుంది. కంప్యూటర్ బొమ్మా గడులే కదా. పదేళ్లప్పుడు నేను కట్టిన రబ్బర్లు వదులై, ఏనుగు అంచుల్లోకి ఎరుపు పాకి సగం రంగు తేలింది. నాయిన తిట్టిన తిట్లు వాడంతా విన్నది. మా అవ్వ నర్సింగమ్మ మాత్రం ఆ గుడ్డను గోడకు వేసి, దూరంగా నిలబడి చూసింది.

“కాడికొచ్చి చూస్తె తప్పే కొడుకా. జర దూరం జరిగి చూడు, గా ఏనుగుకు పాణమొచ్చింది” అంది నాయినతో.

అది గుర్తుకొచ్చి అన్నం కూడా తినకుండా బస్సెక్కాను. మూడు వారాలు నా గొర్రెలకు వదులు రబ్బర్లు కట్టాను. తెల్ల గడికీ నల్ల గడికీ నడుమ సగం రంగు గడి, దాని పక్కన పావు రంగు గడి. ఒక్కొక్కటే, చేత్తోనే. మెట్లు కరిగిపోయాయి. ఖుద్దూస్ వచ్చి చూసి, కార్డు ఎప్పుడు కొన్నారని భాయ్‌ని అడిగాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఇస్రాయేలు సార్ కూడా నమ్మలేదు. మిషన్ మూత తీయమన్నాడు. తీస్తే కార్డు లేదు, దుమ్ముంది. అక్కడికక్కడే ఒప్పందం కాగితాలు తీశాడు. నేను కలం పట్టాక అట్ట నమూనా చూపించాడు. గుట్ట, గొర్రెలు, నా పేరు. కింద: త్రీడీ కార్డు తప్పనిసరి.

కార్డు లేకుండానే ఆడుతోంది కదా అన్నాను. తెలుసన్నాడు. ఆ మాట లేకపోతే జనం పాత ఆట అనుకుంటారట. పైగా కంపెనీ కార్డునూ సీడీనీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మబోతోందట. అంత చిన్న మాటతో నీకు పోయేదేముందని నచ్చజెప్పాడు. భాయ్ నా వైపు చూడలేదు, తన నాలుగు మిషన్ల వైపు చూస్తున్నాడు.

ఒక్క క్షణం సంతకానికి చెయ్యి కదిలిన మాట నిజం. రెండేళ్ల కల మరి. కలం కింద పెట్టాను.

“నా గొర్రెలు గీ మిషన్ల మీదనే పుట్టినయి సార్. గట్ల రాస్తే నా ఆటనే నా మిషన్‌ను చెత్త అన్నట్టు. కార్డు అక్కర లేదని రాయుండ్రి, ఇప్పుడే సంతకం పెడ్త.”

“గట్ల రాస్తే కార్డు ఎవ్వలు కొంటరమ్మా?”

“కొనకపోతె పాయె.”

ఆయన కాగితాలు బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందని చెప్పుకున్నాను గానీ, కోపం ఒక్కటే కాదు.

తాజుద్దీన్ భాయ్ బీరువా తెరిచాడు. అందులోంచి ఫ్లాపీల డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ఆట రెండు ఫ్లాపీల్లో పట్టేస్తుంది. జిల్లాలో ఎన్ని సెంటర్లలో ఎన్ని పాత మిషన్లు మూలన పడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టాడు. నల్గొండ, హాలియా, భువనగిరి. వాటన్నిటికీ మనమే అమ్ముదామన్నాడు. నేను ముక్కు తుడుచుకుని ఒక అట్టముక్క తీసుకున్నాను. గొర్రెల ఆట, కార్డు అక్కర లేదు అని రాయడం మొదలుపెట్టాను.

భాయ్ వెనక నుంచి వంగి చూశాడు.

“జర పెద్దగ రాయి బిడ్డా. ఎదురు దుకాణందాక కనబడాలె.”