పోయొస్త

ఫేబ ముందు ఉప్మా పెట్టేలోపే టాబ్ పెట్టాలి. ఏడేళ్ల పిల్ల. ఆ రోజు ఏం జరగబోతుందో బొమ్మల్లో చూస్తే తప్ప కుర్చీలోంచి లేవదు. బొమ్మ చూపకుండా చెప్పులు తొడగబోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే తల్లి నవోమి ఫోన్‌తో ఫోటోలు తీసి, కింద ఒక్కో వాక్యం రాసి, కథలు చేసిపెట్టింది. ఎలా చేయాలో ప్రత్యేక పిల్లల సెంటర్‌లో కృతిక టీచర్ నేర్పింది.

"కథల అబద్ధం ఉండొద్దక్కా. మనం మాటవరుసకు అంటం, పిల్ల అక్షరం అక్షరం నమ్ముతది," అని మొదటిరోజే చెప్పింది.

ఫేబకు అన్నిటికంటే ఇష్టమైన కథకు నాలుగే పేజీలు. డాడీ హెల్మెట్ పెట్టుకుంటడు. 'పోయొస్త బిడ్డా' అంటడు. ఆరింటికి వస్తడు. బన్ను ఇస్తడు. రెండో పేజీని తాకితే తండ్రి జాన్సన్ గొంతు కూడా వినిపిస్తుంది.

ఆగస్టులో జాన్సన్ పెయింటింగ్ పనికి పోతూ నిజాంపేట రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం సమాధి చేసి వచ్చారు. సాయంత్రం ఆరింటికి ఫేబ టాబ్ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. జాన్సన్ ఎప్పటిలాగే గేటు తీసి లోపలికి వచ్చి, బన్ను ఇచ్చి, వెళ్లిపోయాడు. గోడవతల బియ్యం ఏరుతున్న కిష్టవ్వ "జాన్సన్ అచ్చిండంటే ఆరయినట్టే, చాయ పెట్టాలె" అనుకుంటూ లేచింది.

ఆపైన రోజూ అంతే. కథలో ఉన్నదే చేసేవాడు, ఒక్క అడుగు ఎక్కువ వేసేవాడు కాదు. నవోమి ఎదురుగా నిలబడినా చూసేవాడు కాదు. కథ రాసినప్పుడు తనకూ ఓ పేజీ పెట్టుకోవాలని ఆమెకు తట్టలేదు మరి. ఒకసారి 'డాడీ అమ్మతో మాట్లాడతడు' అని ఐదో పేజీ మొదలుపెట్టి, సిగ్గేసి చెరిపేసింది. ఎంత ఏడ్చిందో దేవుడికే తెలుసు.

అలా సాగిపోయేదేమో గానీ, ఫేబ అన్నం ముట్టడం మానేసింది. ఆ బన్ను తప్ప ఏదీ తినదు. పోయినవాడు తెచ్చిన బన్ను ఎవరి కడుపు నింపుతుంది? దసరా నాటికి పిల్ల చేతులు పుల్లల్లా అయ్యాయి. "ఇంకో నెల గిట్లనే ఉంటే పిల్ల దక్కదమ్మా," అన్నది దవాఖానలో డాక్టరమ్మ.

నవోమి టాబ్ తీసుకుని టీచర్ దగ్గరికి పరుగెత్తి, జరుగుతున్నదంతా చెప్పింది. కృతిక రెండో పేజీ దగ్గర ఆగింది.

"అక్కా, అబద్ధం ఈడున్నది."

"అందరం అనేదే కద టీచర్. ఇంట్లకెళ్లి పోయేటోళ్లు ఎవరన్న 'పోత' అంటరా?"

"అందరికీ గది మాటే. ఫేబకు ఒప్పందం. జాన్సనన్న గూడ దానికే కట్టువడి వస్తున్నడు."

"తీసేస్తే ఆయన ఇగ రాడు."

టీచర్ టాబ్‌ను తిరిగి నవోమి చేతిలో పెట్టింది.

బిడ్డా మొగుడా అంటే ఏ తల్లయినా క్షణంలో చెబుతుందంటారు. నవోమికి నాలుగు రోజులు పట్టింది.

ఐదో రోజు పొద్దున వెళ్లి సమాధి ఫోటో తీసుకొచ్చింది. పాత పేజీలన్నీ చెరిపి, ఒకటే రాసింది: 'డాడీ పోయిండు. ఇగ రాడు. అమ్మ అన్నం పెడతది.' తన గొంతుతో ఆ మాటలు రికార్డు చేయడానికి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆరింటికి జాన్సన్ గేటు బయటే ఆగిపోయాడు. చేతిలో బన్ను లేదు. ఫేబ పేజీని తాకింది. నవోమి గొంతు వినిపిస్తుండగా అతను తలెత్తి, ఇన్నాళ్లకు భార్య ముఖంలోకి చూశాడు. ఈ పేజీలో అమ్మ ఉంది కదా. మాట చివరికొచ్చేసరికి వెనుదిరిగి వెళ్లిపోయాడు. పోయొస్త అనలేదు.

ఫేబ గేటుకు గడియ పెట్టి లోపలికొచ్చి, కంచం ముందు కూర్చుని, పప్పన్నం నాలుగు ముద్దలు తిన్నది.

వచ్చే సోమవారం నుంచి నవోమి కుట్టుపనికి పోవాలి. దానికీ కథ కావాలి. 'అమ్మ పనికి పోతది' అని రాసింది. తర్వాతి పేజీలో 'ఆరింటికి వస్తది' అని రాసి చెరిపేసింది. దాని బదులు రాసింది: 'ఆరింటికి రావాలని చూస్తది.'

సోమవారం పొద్దున పిల్లకు తోడుగా కిష్టవ్వ వచ్చి కూర్చుంది. నవోమి గడప దాటుతూ, "పోత బిడ్డా," అన్నది.

"థూ, గదేం మాటనే? పోయొస్త అనాలె," అని కిష్టవ్వ కసిరింది.

నవోమి చెప్పులు తొడుక్కుంది. ఫేబ టాబ్‌లో పేజీ చూసింది, అమ్మ ముఖం చూసింది. పేజీలో ఉన్నదీ అమ్మ అన్నదీ ఒకటేనని తేల్చుకుని, ఉప్మా గిన్నె దగ్గరికి లాక్కుంది.