ఇరుకు మలుపులో రాళ్ళగుట్ట

కొలతల దుర్బిణిలో లోకం తలకిందులుగా కనబడుతుంది. ఐస్లాండు నడిగడ్డ మీద, నిప్పుకొండల మధ్య పటం గీస్తున్న ఈవిందుర్‌కి అది అలవాటే. కొండ కింద ఏటి అవతల గుర్రం మీద తమ్ముడు హల్వర్ అలా తలకిందులుగా కనిపించగానే నవ్వొచ్చింది.

"ఒరే గ్లూమ్, ఎండుచేపలొస్తున్నాయిరా," అన్నాడు, తనతో రాళ్ళు మోసే స్నేహితుడితో.

"చేపలేనా? మీ అమ్మ మాంసం పంపలేదూ? నీ కొలతలు తిని బతకలేక చస్తున్నా."

అంతలో ఈవిందుర్ నవ్వు ఆగిపోయింది. తమ్ముడు ఎప్పుడూ దాటే రేవు దిగువన ఉంది. అక్కడ ఏరు పాయలుగా విడిపోయి మోకాలి లోతున పారుతుంది. ఇవాళ మాత్రం ఎగువకు, ఇరుకు మలుపు వైపు వస్తున్నాడు. ఆ మలుపులో గుర్రానికి కూడా నేల అందదు. అక్కడే ఇవతలి గట్టున, కొండ మీంచి గురి చూసుకోవడానికి, వీళ్ళిద్దరూ నిన్న నిలువెత్తు రాళ్ళగుట్ట పేర్చారు.

ఆ దేశంలో ఏటి ఒడ్డున రాళ్ళగుట్ట ఉందంటే, ఇక్కడ దాటమని అర్థం. ఉగ్గుపాలతో నేర్చే సంగతి. పటం పిచ్చిలో పడి మన మహానుభావుడు అదే మరిచాడు!

"వద్దురా! హల్వర్, దిగొద్దురా!"

కొండ మీంచి ఎంత అరిచినా అరుపు గాలిపాలే. గుర్రం మొరాయించింది. నోరులేని జీవానికి తెలిసిపోయింది. హల్వర్ మాత్రం మడమలతో పొడిచి దింపాడు. అన్న పేర్చిన గుట్ట కదా, నమ్మాడు. బూడిద కలిపిన పాలలాంటి ఆ నీళ్ళు గుర్రాన్నీ మనిషినీ మింగేశాయి.

ఇద్దరూ పడుతూ లేస్తూ గట్టుకు చేరేసరికి గుర్రం ఒక్కటే ఇవతలి ఒడ్డెక్కి వణుకుతోంది. జీను ఖాళీ. ఈవిందుర్ దిగువదాకా నీళ్ళన్నీ కళ్ళతో వెతికాడు, తమ్ముడు లేడు.

"ఒరే," అంటూ గ్లూమ్ చెయ్యి చాపాడు. "అటు చూడు."

అవతల మరో గుర్రం వస్తోంది. దాని మీద తండ్రి థోర్లాక్.

నాన్న కూడా దీన్ని నమ్మి దిగుతాడని ఈవిందుర్ గుట్ట మీద పడ్డాడు. రాళ్ళు పీకి పీకి ఏట్లోకి విసిరాడు. గోళ్ళు లేచిపోతున్నా తెలియలేదు. బాటగుర్తును పడగొట్టడం అక్కడ మహాపాపం.

"ఎవడ్రా వాడు? నీ చేతులు పడిపోను!" ముసలాయన నీళ్ళ అంచున గుర్రాన్ని ఆపి గర్జించాడు. తర్వాత పోల్చుకున్నాడు. "నువ్వట్రా! మతిపోయిందా? పెద్దోడు కొత్త రేవు కనిపెట్టాడని చిన్నోడు ఒకటే సంబరం. ఆగరా అంటే ఆగకుండా ముందొచ్చాడు."

ఏరు అక్కడ ఇరుకు. మాట స్పష్టంగా వినిపిస్తోంది. ఈవిందుర్ చేతిలోని రాయిని కూడా ఏట్లోకి విసిరాడు.

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు.

"గుర్రం అక్కడే ఉందిగా. మరి చిన్నోడేడిరా?"