వడ్లగింజంత వత్తి

కొవ్వొత్తుల సంచి ఒళ్ళో పెట్టుకుని కురుగోడు బస్సులో కూర్చున్న రామసుబ్బమ్మకు ఒళ్ళు మండిపోతోంది. మొగుడు పోయాక బళ్ళారిలో తన ఇంటి వసారాలోనే మైనం కరగబెట్టి, అచ్చుల్లో పోసి, ఏడేళ్ళుగా కొవ్వొత్తులు చేసి అమ్ముకుంటోంది. ఈ ఏడేళ్ళలో ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు తన కొవ్వొత్తి ఎవరింట్లోనో దోమతెరను కాల్చిందట! వచ్చి సరుకు తీసుకుపొమ్మని అంగడి హొన్నప్ప కబురు పెట్టాడు.

హొన్నప్ప అంగడి ఉన్నది, కాలువ నీళ్ళొచ్చాక కోస్తా నుంచి వలసొచ్చి వరి వేసుకున్న వాళ్ళ క్యాంపులో. కరెంటు రాలేదు, కిరసనాయిలు దొరికితే దొరికినట్టు. రామసుబ్బమ్మ చేసే సరుకులో సగం ఆ క్యాంపుకే పోతుంది. అది కాస్తా పోతే ఆమె పొయ్యిలో పిల్లి లేవదు.

హొన్నప్ప ఆమెను చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నాకు బేడమ్మా, వద్దు నీ కొవ్వొత్తులు. ఎవురూ కొనేది లేదంటాండారు. దోమతెర కాలిన ఆ హనుమాయమ్మ ఒప్పుకుంటే మళ్ళా పెడతా. పోయి ఆమెతోనే మాట్లాడుకో."

హనుమాయమ్మ ఇంటి అరుగు మీద ఆధారాలన్నీ సిద్ధంగా ఉన్నాయి: బొక్కపడ్డ దోమతెర, కంచంలో సగం కాలిన కొవ్వొత్తి. పక్కన కోడలు సరోజిని, కుడిచేతికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది.

"చూశావా నీ నిర్వాకం? మా కోడలు చేత్తో కొట్టి ఆర్పబట్టి సరిపోయింది. లేకపోతే ఈ పాటికి కొంపంతా బూడిదయ్యేది," అంది హనుమాయమ్మ.

రామసుబ్బమ్మ కొవ్వొత్తి చేతిలోకి తీసుకుంది. వత్తి చుట్టూ మైనమంతా తవ్వేసి ఉంది. వత్తి బొటనవేలంత పొడుగు లేచి, కొసన మసి కట్టుకుపోయింది.

"ఇది ఎవురు తవ్వినారు పెద్దమ్మా?"

"నేనే. వెలుగు తగ్గిందని పిన్నీసుతో వత్తి ఎగదోశాను. దీపానికి ఎవరైనా చేసేదేగా?"

"అయ్యో! నూనె దీపానికి చేసే పని దీనికి చేస్తారా? వత్తి పొడుగైతే మంట ఎగుస్తాది, కాలిన మసి ఊడి పడతాది. రోజూ ముట్టించేకి ముందర వడ్లగింజంత ఉంచి కత్తిరించల్ల. తెర పక్కన పెట్టనే కూడదు."

"దీపం వత్తికి కత్తెరా? మా ఇంటా వంటా లేదమ్మా అట్లాంటి పని!"

రామసుబ్బమ్మకు కోపం నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేసిందంతా తాము చేసి తప్పు తన మైనం మీదకు నెడతారా! పైగా ఈ శాస్త్రమొకటి! తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, సంచిలో సరుకు గుర్తొచ్చి మింగేసింది.

"ముట్టించకముందు అది దీపం ఎట్లయితాది పెద్దమ్మా? ఒట్టి దారమే కదా. దారం కత్తిరిస్తే ఏం దోషం ఉండాది?"

హనుమాయమ్మ కొవ్వొత్తి అందుకుని వత్తిని వేలితో తడిమింది. "అదీ నిజమేలే," అంది చివరికి, ఒప్పుకోవడం ఇష్టం లేకుండానే.

హమ్మయ్య, గెలిచాననుకుంది రామసుబ్బమ్మ. అప్పటిదాకా నోరెత్తని సరోజిని తలెత్తి అడిగింది.

"మరి ఈ మాట కొనేటప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

చెప్తే మీరు వింటారా అనబోయి రామసుబ్బమ్మ ఆగిపోయింది. మొదటి ఏడాది ఆమె అందరికీ చెప్పింది. బళ్ళారి సంతలో కొవ్వొత్తి చేతికిస్తూ కత్తెర మాట ఎత్తగానే, "ఇంత చాకిరీ అయితే మాకొద్దు" అని పదిమంది తిరిగి పెట్టేశారు. అప్పుడు నోరు మూసుకుంది, హొన్నప్పకు కూడా చెప్పలేదు. నోరు మూసుకున్నాక సరుకు బాగా పోయింది. పొద్దుటి నుంచి బస్సులో పళ్ళు కొరుకుతూ తిట్టుకున్నదంతా ఎవర్ని? ఆ గుడ్డ చుట్టిన చేతిని చూసి ఆమెకు సిగ్గేసింది.

"చెబితే కొనరని చెప్పలేదు తల్లీ."

హనుమాయమ్మ లేచి దోమతెర మడత పెట్టింది.

"హొన్నప్పకు చెబుతాలే, పెట్టుకోమని. కానీ కొనే ప్రతివాళ్ళకీ చెప్పి అమ్ము."

అంగడికి తిరిగొచ్చి, హొన్నప్పకు హనుమాయమ్మ మాట చెప్పి రామసుబ్బమ్మ సంచి విప్పేసరికి, ఒకామె వచ్చి రెండు కొవ్వొత్తులు తీసుకుంది. రామసుబ్బమ్మ వడ్లగింజ కొలత చెప్పింది, కత్తెర చెప్పింది, తెరల సంగతి చెప్పింది.

"రోజూ ఈ గోలంతా ఎవరు పడతారమ్మా? వద్దులే," అని ఆమె రెండూ తిరిగి పెట్టేసి వెళ్ళిపోయింది.

"వచ్చిన గిరాకీ చెడగొడతాండావే!" అని హొన్నప్ప కసురుకున్నాడు.

రామసుబ్బమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. వెళ్ళిపోయిన ఆమె మీద కోపం, హొన్నప్ప మీద కోపం, అన్నిటికన్నా తన మీద తనకు కోపం. అంతలో ఇంకొకామె వచ్చి, కొవ్వొత్తి ఎంతని అడిగింది.

"ధర తరువాత చెప్తానమ్మా," అంది రామసుబ్బమ్మ. "మీ ఇంట్లో కత్తెర ఉండాదా?"